పోచమ్మ కాకముందు అది తహసీల్దారు బండ

ఆ గుట్ట మీద సున్నం గుర్తులు నేను పార్టీ కోసం పెట్టలేదు. ఈ మాట ఇరవై ఏళ్లకు పైగా చెబుతూనే ఉన్నాను, వినేవాళ్లు లేరు. ఏటా ఏదో ఒక సభలో నన్ను ముందు వరుసలో కూర్చోబెడతారు, మెడలో దండ వేస్తారు, అదే కథ మొదలుపెడతారు. పోలీస్ యాక్షన్ రోజుల్లో ఒక కాలేజీ అమ్మాయి లాలాగూడ వెనక గుట్టల్లో దాగిన దళాలకు దారి చూపడానికి బండల మీద రహస్య గుర్తులు గీసిందట. పోలీసులు ఆరా తీస్తే అది దేవత మొక్కు అని వాళ్ల కళ్లలో దుమ్ము కొట్టి, జైల్లో ఉన్న ఒక కార్మికుణ్ణి విడిపించిందట. చప్పట్లు. నేను లేచి "అది కాదండీ" అనేలోపు మైకు ఇంకొకరి చేతిలోకి పోతుంది.

ఆ గుట్టల్లో ఏ దళమూ లేదు. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి గంటలోపు నడిచి చేరే గుట్ట అది. అక్కడ దాక్కున్నవాడు ముందు మేకలవాళ్లకు కనిపిస్తాడు, తర్వాత సీతాఫలాలు ఏరుకునేవాళ్లకు, ఆ తర్వాత మా అమ్మకు. ఇక పోలీసులను నమ్మించింది నేను కాదు, మా అమ్మ. ఆ కార్మికుణ్ణి జైలుకు పంపింది మాత్రం నేనే. ఆ ఒక్క ముక్కా ఏ సభలోనూ చెప్పరు.

మరి గుర్తులు ఎందుకు పెట్టాం? సరదాకి.

చప్పగా ఉంది కదూ. నాకూ తెలుసు. కానీ దానికి ఇంకో మాట లేదు. ఆదివారం పొద్దున ఇద్దరు ఆడపిల్లలం బండలెక్కేవాళ్లం. ఎక్కితే బాగుండేది. పైన గాలి వేరుగా ఉండేది. కింద రైలు డబ్బాలు అగ్గిపెట్టెల్లా వరుసగా కనిపించేవి. పేరుకు సికింద్రాబాద్‌లో వినోదానికి కొదవ లేదు. సినిమా హాళ్లున్నాయి, ఆడవాళ్లకు పరదా కట్టిన వరుసలున్నాయి, ఆ పరదా వెనక ఉక్కపోతా, పక్కావిడ ఒళ్లో పిల్లాడి ఏడుపూ ఉన్నాయి. రెండుసార్లు వెళ్లి మానేశాను. బండకు టికెట్టు లేదు, పరదా లేదు.

కంటోన్మెంట్ దొరలు కూడా ఆ గుట్టల్లోనే తిరిగేవాళ్లు, నెత్తిన టోపీ, చేతిలో కర్ర, వెనక నీళ్లు మోసే మనిషి. దాన్ని సాహసం అనేవాళ్లు. మగపిల్లలు ఎక్కితే ఆట. ఆడది కట్టెల మోపుతో ఎక్కి దిగితే పని. ఏమీ మోయకుండా, ఏమీ తేకుండా ఆడది ఎక్కి దిగితే మాత్రం అందరికీ ఒకటే ప్రశ్న వస్తుంది, ఎందుకెక్కావు? ఇంట్లోవాళ్లు అడిగారు, పోలీసులు అడిగారు, విప్లవం తెస్తామన్నవాళ్లూ అడిగారు. అడగనిది ఒక్కతే.

ఆమె లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేది. మెట్రిక్ దాకా కలిసి చదువుకున్నాం. తర్వాత నేను కాలేజీకి పోయాను, ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. ఆమె ఉర్దూ నా ఉర్దూ కన్నా అన్యాయంగా ఉండేది. దాన్ని నేను వెక్కిరిస్తే ఆమె నా వంటను వెక్కిరించేది. వాళ్ల నాన్న వర్క్‌షాపులో మిస్త్రీ. ఆయన్ను నేను చాచా అనేదాన్ని. మరమ్మతుకు వచ్చిన డబ్బాలను సుత్తితో తట్టి చూసి, కిందికి దూరి, పైకెక్కి, చివరికి వాటి మీద గుర్తు పెట్టడం ఆయన పని. గుండ్రం గీస్తే డబ్బా బాగుంది, పట్టాలెక్కవచ్చు. ఇంటూ గీస్తే ఎక్కకూడదు. గుర్తు కింద ఏ మిస్త్రీ చూశాడో తెలిసేలా ఎవరి చిహ్నం వాళ్లు పెట్టాలి. చాచా చిహ్నం రెండు చుక్కలు. ఆయన చేత్తో గీసిన గుండ్రం గాజు పెట్టి గీసినట్టు ఉండేదని వర్క్‌షాపంతా చెప్పుకునేవాళ్లు. గేటు దాటే ముందు జేబులు దులుపుకుని బయటికి వచ్చే మనిషి. వర్క్‌షాపు సుద్దముక్క ఒక్కటి కూడా ఆ ఇంటి గడప తొక్కలేదు.

మా దగ్గర సామగ్రి అంటూ ఉన్నది మా బావి చేదతాడు. సీతాఫల్‌మండిలో మా ఇంటి వెనక బావి. ఆదివారం నేను తాడు విప్పుకుని పోతే, తిరిగి వచ్చేదాకా మా అమ్మకు బావిలో నీళ్లు కనిపించేవి, అందేవి కావు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే మొదలుపెట్టేది.

"వచ్చినవా తల్లీ? ఏమన్న తెచ్చినవా గుట్టమీదికెళ్లి? తాడన్న తెచ్చినవా?"

బండలకు పేర్లు పెట్టుకున్నాం. పడుకున్న గేదె. అత్తాకోడళ్లు, అంటే ఒకదాని మీదికి ఒకటి ఒరిగినవి. అన్నిటికన్నా పైన ఉన్నది తహసీల్దారు. గుండ్రటి పొట్ట ముందుకు పొడుచుకుని వచ్చి ఉంటుంది, పట్టుకోవడానికి ఒక్క పగులు లేదు, ఎవరినీ పైకి రానివ్వదు. ఎన్ని ఆదివారాలు ప్రయత్నించామో. ఆమె నా భుజాల మీద నిలబడేది, పొట్ట దాకా పోయేది, జారి నా నెత్తిన పడేది.

"దరఖాస్తు పెట్టుకుంటే ఎక్కనిస్తడేమో," అనేది మోచేయి నలుపుకుంటూ.

ఒక వానాకాలం దిగేటప్పుడు దారి తప్పాం. ముసురులో బండలన్నీ ఒకేలా కనిపించాయి. మధ్యాహ్నానికి చేరాల్సిన ఇల్లు సాయంత్రానికి చేరాం, రెండిళ్లలోనూ చివాట్లు పడ్డాయి. అప్పుడు తట్టింది, గుర్తులు పెట్టుకుంటే పోలేదా అని. మా ఇంటికి వెల్ల వేయగా మిగిలిన సున్నం డబ్బా ఉంది. వాళ్ల అబ్బా గుర్తులు ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. కాలుకు పట్టు దొరికే బండకు గుండ్రం, జారే బండకు ఇంటూ. తహసీల్దారుకు పెద్ద ఇంటూ. మొత్తం పన్నెండు. ఆమె గీసిన గుండ్రాలు కోడిగుడ్ల లాగా ఉండేవి.

అంతటితో ఆగితే ఈ కథ లేదు. రెండు చుక్కలు పెట్టమన్నది నేను.

"మా అబ్బా నిషానా అది, నేనెట్ల పెట్టాలె?" అంది.

"చూసినోల్ల గుర్తు లేకుంటే గుండ్రానికి విలువేందే? నువ్వే చెప్తివి గద. పెట్టు, చాచా మనతోని గుట్టెక్కినట్టుంటది."

నవ్వింది. పెట్టింది. పన్నెండు గుర్తుల కింద ఇరవై నాలుగు చుక్కలు.

అదే ఆదివారం సాయంత్రం రాంగోపాల్‌పేట్‌లో ఒక మేడగదిలో మా కమ్యూనిస్టు స్టడీ సర్కిల్ కూడింది. పది మందిమి. దాన్ని ఒక లెక్చరర్ నడిపేవాడు. నా పాదాలకు అంటిన సున్నం చూసి అడిగాడు, చెప్పాను. గుట్టలెక్కడం తీరికవర్గాల వినోదమన్నాడు. ప్రజలు తిండికి అల్లాడుతుంటే మనం గాలి పీల్చడానికి పోకూడదన్నాడు. నేను ఊరుకుంటానా? పనిగంటలు తగ్గించమని కార్మికుడు ఎందుకు కొట్లాడుతున్నాడు, మిగిలిన గంటల్లో మీ ఉపన్యాసం వినడానికా అన్నాను. రేపు మనం తెచ్చే రాజ్యంలో ఆదివారం ఉంటుందా ఉండదా, ఉంటే ఆ రోజు మనిషి ఏం చెయ్యాలో ఇప్పుడే తేల్చండి అన్నాను. నవ్వారు కానీ తేల్చలేదు. ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. మా వాళ్లు ఆకలి గురించి రాసినంత బాగా తీరిక గురించి ఎన్నడూ రాయలేదు. తీరిక అడగడం వాళ్లకు సిగ్గు. నాకు సిగ్గు లేదు, ఓపికే లేదు ఈ మధ్య.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. ఒకే ఉదయం మా వీధిలో మిఠాయి పంచారు, లాలాగూడ క్వార్టర్లలో సగం తలుపులు మూసుకున్నాయి. అంతకుముందు ఏడాది రజాకార్ల భయంతో మా తలుపులు మూసుకున్నప్పుడు చాచా పొద్దున్నే సైకిలు మీద వచ్చి మా గుమ్మంలో పాలచెంబు పెట్టి పోయేవాడు, చప్పుడు చెయ్యకుండా. ఈసారి మా ఇంటినుంచి ఎవరం పోలేదు. పోవాలని అమ్మ రెండుమూడుసార్లు అంది. నాన్న "జెర ఆగుండ్రి, సల్లబడనియ్యిండ్రి" అన్నాడు. ఆగాం. ఆదివారాలు గుట్ట కూడా ఆగిపోయింది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆమె మా తలుపు కొట్టింది. అమ్మ తీసింది.

"ఎవరితోని వచ్చినవ్ బిడ్డా?"

"ఒక్కదాన్నే పెద్దమ్మా." లోపలికి వచ్చి గోడకు ఆనుకుంది. నా వైపు చూసి అంది, "నిన్న అబ్బాను తీస్కపోయిన్రు."

"ఎవరు? ఎందుకే?"

"గుట్టమీది గుర్తులకు."

ఆయుధాల కోసం గుట్టలు గాలిస్తున్న పోలీసులు మా గుర్తులు చూశారు. కాగితం మీద గీసుకుని వర్క్‌షాపుకు పట్టుకుపోయారు. ఈ రెండు చుక్కలు ఎవరివి అని అడిగితే చెప్పడానికి అక్కడ ఎవరికి తెలియదు? చెప్పారు.

"ఒకడేమో రజాకార్లకు ఇషారా అంటడు, ఒకడేమో కమ్యూనిస్టులకు అంటడు. ఒక్క మనిషి రెండు దిక్కుల ఎట్లుంటడని ఎవ్వడు అడగలే. మా అబ్బా ఏం జేసిండో ఎర్కనా? ఆ కాగితం చూసి, ఇది నా చెయ్యి కాదు, నేనింత వంకర గియ్య అన్నడంట. వాల్లకింక కోపమొచ్చింది."

నాకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆపేశాం.

"మనమే పెట్టినమని నేను పొయ్యి చెప్త. కాని నా మాట ఎవరింటరు? బిడ్డ గద, అబ్బా కోసం అబద్ధమాడుతదంటరు. నన్ను సుత కూసోబెడ్తరు. నువ్వు చెప్పు. నీ నోటితోని వస్తే వింటరు."

"రేపే పోత," అన్నాను.

మర్నాడు పోలేదు. ముందు సర్కిల్‌కు చెప్పాలనుకున్నాను. పార్టీ మీద నిషేధం ఉన్న రోజులు, చెప్పకుండా ఠాణాకు పోవడం తప్పనుకున్నాను. లెక్చరర్ ఇంటికి పోయి చెప్పాను. ఆయన తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు స్టేషన్‌లో అడుగుపెడితే ఆదివారం పొద్దున సంగతితో ఆగరు. సాయంత్రం ఎక్కడికి పోతావని అడుగుతారు. పది మందిమి లోపలుంటాం. నీ సరదాకు ఇంతమంది మూల్యం చెల్లించాలా?"

"ఆయన కార్మికుడు. మనం మాట్లాడేది ఆయన గురించి కాదా?"

"కార్మికవర్గం వేరు, ఒక కార్మికుడు వేరు. మూడు రోజులు ఆగు. కాగితాలు సర్దుకోనివ్వు."

వాదించాను. గట్టిగానే వాదించాను. వాదించి, ఇంటికొచ్చి, ఆగాను. మాటలో ఉన్న గట్టితనం కాళ్లలో లేదని అప్పుడు తెలిసింది. ఆ మూడు రోజులూ పొద్దున్నే చీర మార్చుకునేదాన్ని, సాయంత్రం మళ్లీ మార్చుకునేదాన్ని.

నాలుగో పొద్దున అమ్మ తాడు తెచ్చి నా ముందు పడేసింది.

"ఆ పిల్ల వచ్చిపోయి ఎన్ని దినాలైందే? రేపే పోత అంటివి."

"పోతనమ్మా. కాని..."

"కాని ఏంది? రజాకార్ల దినాలల్ల పాలు ఎవరు తెచ్చిచ్చిన్రు? తాగినప్పుడు కాని అన్నవా? లెవ్వు. నేను సుత వస్త."

ఠాణాలో కొత్త ఇన్‌స్పెక్టర్. సైన్యం వెనకే మద్రాసు ఇలాకా నుంచి తెచ్చినవాళ్లలో ఒకాయన. మర్యాదగానే కుర్చీ చూపించాడు. నేను నిలబడే చెప్పాను, గుర్తులు పెట్టింది మేమిద్దరం, మిస్త్రీ గారికి తెలియనే తెలియదు అని.

"ఎందుకు పెట్టారమ్మా?"

"సరదాకు."

ఆ మాటను ఆయన కాగితం మీద రాసి, రాసిందాన్ని కాసేపు చూశాడు.

"చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. ఇద్దరు ఆడపిల్లలు సరదాకి గుట్టెక్కారు. సరే. సరదాకి సున్నం మోసుకెళ్లారు. అదీ సరే. సరదాకి రైల్వే గుర్తులు గీశారు. ఇది నేను పైవాళ్లకి ఎలా రాయను?"

"నమ్మకుంటే వచ్చి చూడుండ్రి, ఎక్కి చూపిస్త."

"ఎవరు నేర్పారు ఎక్కడం?"

"ఎక్కుడు ఎవరన్న నేర్పుతరా?"

"నీ వెనక ఎవరున్నారమ్మా అని అడుగుతున్నాను."

"నా ముందట ఆ పిల్ల ఉంటది. నాకన్న మంచిగ ఎక్కుతది."

మూలనున్న హెడ్డు కానిస్టేబులు కిసుక్కుమన్నాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. కొత్త కాగితం తీశాడు. ఏ కాలేజీ, ఎవరెవరు స్నేహితులు, ఆదివారం ఇంకెక్కడికి పోతావు అని మొదలుపెట్టాడు. నిజం చెప్పి చాచాను బయటికి లాగుదామని పోయినదాన్ని, నా నిజంతో సర్కిల్ మొత్తాన్ని లోపలికి లాగుతున్నాను. అప్పుడు మా అమ్మ కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

"మొక్కు నాయినా. పిల్ల సిగ్గుపడి చెప్తలేదు."

"మొక్కా?"

"పోచమ్మ మొక్కు. పెండ్లి కుదురాలెనని మొక్కింది. పన్నెండు బొట్లు పెడ్తనని మొక్కుకున్నది. చదువుకున్నది గద, మొక్కినని చెప్పనీకె నామోషి."

ఆయన మొహం ఎలా మారిందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. లెక్క కుదిరిన పిల్లాడి మొహం.

"అదీ! ముందే చెప్పొచ్చుగా. మరి ఆ సాయిబుల పిల్లకేం మొక్కమ్మా?"

"అమ్మవారు పోస్తే అందరి పిల్లలకు పోస్తది నాయినా, ఇండ్లు చూసి పోస్తదా? అందరం మొక్కుతం. మేము పీర్లకు మొక్కమా?"

"ఈ చుక్కలేమిటి మరి?"

అమ్మ వంగి ఆయన చేతిలోని కాగితాన్ని తలకిందులు చేసింది. "మీరు ఉల్టా పట్టుకున్నరు. ఇవి కండ్లు. ఇది నోరు."

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు చూశాడు. కళ్లూ నోరూ ఆయనకు కనిపించాయి. దేవుడి సాక్షిగా అనలేను, నమ్మను కాబట్టి, కానీ నాకూ కనిపించాయి.

"నిజమేనా అమ్మా?" అని నన్ను అడిగాడు.

జీవితంలో దేనికీ ఒక్క మాటతో జవాబు చెప్పినదాన్ని కాను. ఆ రోజు చెప్పాను. "అవును."

"రేపు పొద్దున నేనే వచ్చి చూస్తాను," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మేం గుట్టకు పోయాం. అమ్మ కింద కూర్చుంది, మోకాళ్లు రావని. పసుపు పొట్లం, కుంకుమ భరిణ, రెండు నిమ్మకాయలు నా కొంగులో కట్టింది. ఒక్కదాన్నే ఎక్కాను. ఒక్కదాన్నే ఎక్కడం అదే మొదటిసారి. కోడిగుడ్ల లాంటి గుండ్రాల మీద ఒక్కొక్కదాని మీదా పసుపు పూశాను. దేవుడు లేడని సర్కిల్‌లో రెండు గంటలు మాట్లాడగలిగినదాన్ని, పన్నెండు చోట్ల నా చేత్తోనే దేవతను పెట్టుకుంటూ పోయాను. తహసీల్దారు దగ్గరికి చేరేసరికి కిందినుంచి అమ్మ కేక వేసింది.

"దానికి జెర ఎక్కువ పెట్టు! పెద్దది గద!"

ఎక్కువ పెట్టాను. ఇంటూ గుర్తు కుంకుమ కింద కనబడకుండా పోయింది.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ బండ ముందు బూట్లు విప్పాడు. కానిస్టేబులు కొబ్బరికాయ కొట్టాడు. ఆ సాయంత్రం చాచాను వదిలేశారు.

వారం రోజులకు ఆ ఇంటికి పోయాను. సామాను కట్టుకుంటున్నారు. ఉద్యోగం పోలేదు కానీ ఎక్కడో దూరపు షెడ్డుకు వేశారు, పది రోజుల్లో పోవాలి. చాచా వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్లు కనిపించడం లేదు.

"రా బిడ్డా. కూసో." కోపం లేదు ఆ గొంతులో, అదే నన్ను కూర్చోనివ్వలేదు. "పన్నెండు పెట్టిండ్రంట గద. పెద్ద బండకు ఏం గుర్తు పెట్టిండ్రు?"

"ఇంటూ పెట్టినం చాచా."

"ఎక్కి చూసిండ్రా?"

"లే. ఎక్కనిస్తలేదు."

"ఎక్కి చూడకుంట అన్‌ఫిట్ ఎట్ల రాస్తరు?" ఆయనకు నిజంగానే కష్టంగా ఉంది. "నా రెండు చుక్కలు పెట్టిండ్రు కింద. నేనెన్నడు చూడకుంట రాయలే బిడ్డా."

ఆమె లోపల గిన్నెలు గోతంలో కుక్కుతోంది. దగ్గరికి పోయి నెమ్మదిగా అడిగాను.

"చెయ్యి ఎన్నడైందే?"

"ఐదోనాడు."

నేను లెక్క పెట్టుకున్నాను. ఆమె మా ఇంటికి వచ్చింది రెండోనాడు. రేపే పోతానన్నది మూడోనాటికి. నేను పోయింది ఆరోనాడు. ఆమె కూడా ఆ లెక్క ఎప్పుడో చేసుకుందని ఆమె చేతులు ఆగిన తీరులో తెలిసింది.

"నేను పోచమ్మ అని చెప్పుడు తప్పేనా?" అన్నాను. వేరే తప్పు గురించి మాట్లాడే ధైర్యం లేక దీన్ని ముందు పెట్టాను.

"తప్పేం లే. మా అబ్బా ఇంటికొచ్చిండు." గోతం మూతి బిగించింది. "నిన్న పొయ్యి చూసిన. పసుపు, కుంకుమ, ఎవరో జెండా సుత పెట్టిన్రు. ఒక ముసల్ది కూసోని ఉన్నది. నువ్వెవరు బిడ్డా, బురఖా ఏసుకోని గీడికెందుకొచ్చినవ్ అని అడిగింది. మంచిగనే అడిగింది. ఏం చెప్పాలె నేను? గుట్టను సుత మీదే చేస్కున్నరు గదనే."

"నేను చెయ్యలే..."

"ఎర్కే. నువ్వు చెయ్యలే. అందుకే నీతోని కొట్లాడనీకె సుత వస్తలేదు నాకు."

అంతే. తర్వాత ఒక ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. రెండోది రాశాను, పోస్టు చెయ్యలేదు. రాష్ట్రం పోయింది, కొత్త రాష్ట్రం వచ్చింది, లెక్చరర్ పెద్ద నాయకుడయ్యాడు. నా కథను సభల్లో మొదట చెప్పింది ఆయనే. మూడు రోజులు ఆగమన్న సంగతి ఆయనకు నిజంగానే గుర్తు లేదనుకుంటాను. గుర్తుండి దాచేవాడి మొహం వేరుగా ఉంటుంది.

పోయిన నెల అలాంటి సభలోనే దండ వేయించుకుని, అలాగే నడుచుకుంటూ గుట్టకు పోయాను. ఇరవై ఏళ్లుగా కిందినుంచి చూసి వచ్చేయడమే తప్ప పైకి పోలేదు. ఇప్పుడు మెట్లు కొట్టారు. పడుకున్న గేదె మీద చెప్పులు విడిచే చోటు. అత్తాకోడళ్ల మధ్య నీళ్ల కుండ. తహసీల్దారు సున్నాల పోచమ్మ అయింది, పొట్ట నిండా పసుపు, పైన వెండి కళ్లు. ఏటా వెల్ల వేయడానికి వెనకవైపు ఇనుప నిచ్చెన బిగించారు. పూజ చేసే ముసలామె అటు తిరిగి ఉన్నప్పుడు, నలభై ఆరేళ్ల మోకాళ్లతో ఆ నిచ్చెన ఎక్కాను. మూడుసార్లు ఆగాను. సాహసం అనే మాట ఇప్పుడు నాకు అక్కరలేదు, ఊపిరి చాలు.

తహసీల్దారు నెత్తిన ఎవరూ వెల్ల వేయలేదు. కిందివాళ్లకు కనిపించేంత మేరే వేస్తారు. అక్కడ, రాతి మీద, అరచెయ్యంత గుండ్రం ఉంది. సున్నం కాదు, సున్నమైతే ఇన్ని వానలకు నిలిచేది కాదు. రైలు డబ్బాలకు వేసే తెల్ల రంగు. అంచులు పగిలాయి, కానీ పోలేదు. కింద రెండు చుక్కలు.

దిగి వచ్చి ముసలామెను అడిగాను.

"నిచ్చెన పెట్టంగ చూసిన్రు బిడ్డా. అప్పటికే ఉన్నదంట," అంది. "అమ్మ తనంతట తనే పుట్టించుకున్నది."

ఆమెతో వాదించలేదు. నాకు ఓపిక లేదు, ఆమెకు అవసరం లేదు.

అప్పటినుంచీ నాకు ఇదే పని. వర్క్‌షాపు రంగు ఒక్క చుక్క బయటికి తెచ్చే మనిషి కాదు చాచా. కానీ చూడకుండా రాసిన ఇంటూ కింద తన చుక్కలు ఉండనిచ్చే మనిషీ కాదు. ఆమె అయితే ఎక్కగలదు, మా ఇద్దరిలో ఎక్కడం వచ్చింది ఆమెకే. నేను భుజం ఇవ్వకుండా, ఆ పొట్ట దాటి. కానీ ఆమె గీస్తే కోడిగుడ్డు రావాలి. నేను వేలితో దాని చుట్టూ రెండుసార్లు తిప్పి చూశాను. ఎక్కడా వంకర లేదు, గాజు పెట్టి గీసినట్టే ఉంది.

ఇది చదివేవాళ్లలో ఏ రైల్వే ఊళ్లోనైనా ఆ తండ్రీకూతుళ్లను ఎరిగినవాళ్లుంటే, నాకు వాళ్ల చిరునామా వద్దు, క్షమాపణా వద్దు. ఒక్క సంగతి చెప్పండి చాలు. ఆ కుడిచెయ్యి మళ్లీ గుండ్రం గీసిందా?